సిస్టర్‌గారి సమాధానాలు: మందు చేతిలో ఉన్నప్పుడు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నర్సింగ్ చదువుతున్న పిల్లలవే. ఫస్టియర్ అమ్మాయి దగ్గర్నుంచి రేపోమాపో డ్యూటీలో చేరబోయే అబ్బాయి దాకా అందరి టెన్షనూ మందుల గురించే. పేర్లు గుర్తుండవు, లెక్కలు తేలవు, వార్డులో ఎవరినైనా అడుగుదామంటే ఏమనుకుంటారోనని భయం. అందుకని ఈ సంచికలో మిగతా విషయాలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు వద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు. వార్డుల్లో చాలా ఏళ్లు పనిచేసి, తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషిని. మందు విషయంలో నేను నేర్చుకున్నది, నేర్పింది ఒక్కటే. అనుమానం వచ్చిన చోట చెయ్యి ఆగాలి. ఆ ఆగడం చేతకానితనం కాదు, అది కూడా డ్యూటీలో భాగమే.

ప్రశ్న: మేడమ్, ఫార్మకాలజీ పుస్తకం తెరిస్తే భయం, మూస్తే ఏడుపు. వందల మందులు. పరీక్ష కోసం బట్టీ పట్టినవి వారం తిరక్కుండానే మరిచిపోతున్నాను. మీరంతా ఎలా గుర్తుపెట్టుకున్నారు? (మొదటి సంవత్సరం విద్యార్థిని)

బట్టీ పట్టి మాత్రం కాదు తల్లీ. బట్టీ పట్టిన మందు పరీక్ష హాల్లోనే మిగిలిపోతుంది.

మొదట పేరు తోకను పట్టుకో. కంపెనీ పెట్టిన పేరు కాదు, మందు అసలు పేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి ఈ అసలు పేర్ల జాబితాలు ప్రచురిస్తోంది. ఒకే కుటుంబానికి చెందిన మందులకు సాధారణంగా ఒకే తోక ఉండేలా చూస్తారు. చివర 'ప్రిల్' ఉందా, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాగా? బీపీకి, గుండెకి ఇచ్చే ఏస్ ఇన్హిబిటర్ అది. పేషెంట్ పొడిదగ్గు అంటే ముందు దాన్నే అనుమానించు. 'సార్టాన్' కూడా బీపీ మందే, కాకపోతే దానితో ఆ దగ్గు బాధ బాగా తక్కువ. చివర 'ఓలోల్' ఉంటే, అంటే అటెనోలోల్, మెటోప్రోలోల్ లాంటివైతే, బీటా బ్లాకర్, గుండె వేగాన్నీ బీపీనీ తగ్గించే మందు. నాడి చూడకుండా, బీపీ చూడకుండా అది ఇవ్వకూడదు. 'స్టాటిన్' కొలెస్ట్రాల్‌కి. పేషెంట్ కండరాలు పీకుతున్నాయంటే వినీ విననట్టు వదిలేయకు.

అయితే తోకను గుడ్డిగా నమ్మకు. 'ప్రజోల్' అంటే కడుపులో యాసిడ్ తగ్గించేవి, ఓమెప్రజోల్, పాంటోప్రజోల్ అని నేర్చుకుంటావు. అరిపిప్రజోల్ తోకా అలాగే వినిపిస్తుంది, కానీ అది మానసిక వైద్యంలో వాడే మందు. అందుకే తోకతో ఊహించు, పుస్తకంతో సరిచూసుకో.

రెండో పని. రోజుకి ఒక్క పేషెంట్‌ని ఎంచుకో. ఆయన కేస్ షీట్‌లో ఉన్న మందులు నాలుగో అయిదో అంతే. ఒక్కోదానికి అయిదు సంగతులు చిన్న నోట్‌బుక్‌లో రాయి: ఈయనకి ఇది ఎందుకు, ఎంత, ఏ దారిన, ఇచ్చే ముందు ఏం చూడాలి, ఇచ్చాక దేని కోసం కనిపెట్టుకుని ఉండాలి. డిగాక్సిన్ తీసుకుందాం. గుండె బలహీనపడిందని ఇస్తున్నారు. మాత్ర 0.25 మిల్లీగ్రాములు. ఇచ్చే ముందు స్టెతస్కోప్ గుండె మీద పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం ఇక్కడ కుదరదు, ఎందుకంటే ఆ గుండె లయ తప్పి కొట్టుకునే గుండె కావచ్చు. పెద్దవాళ్లలో 60 కంటే తక్కువుంటే మందు ఆపి డాక్టర్‌కి చెప్పాలి. ఇచ్చాక ఆకలి చచ్చిపోయిందన్నా, వాంతి అన్నా, కళ్ల ముందు అంతా పసుపుపచ్చగా కనిపిస్తోందన్నా ఆ మందు ఎక్కువైందేమో అని అనుమానించాలి. ఆయనకి ఒంట్లో నీరు తగ్గడానికి ఫ్యూరోసెమైడ్ కూడా ఇస్తుంటే పొటాషియం రిపోర్టు వెతుక్కోవాలి. ఫ్యూరోసెమైడ్ వల్ల పొటాషియం పడిపోతే డిగాక్సిన్ విషంగా మారడం సులభం.

ఇదంతా రాసిన కాగితం ఎక్కడైనా పోవచ్చు. ఆ పేషెంట్ ముఖం మాత్రం మర్చిపోవు, ముఖంతో పాటు మందూ గుర్తుండిపోతుంది. నాకు డిగాక్సిన్ అంటే ఇప్పటికీ ఒక పెద్దాయనే గుర్తొస్తారు. నేను స్టెతస్కోప్ పెట్టి లెక్కపెడుతున్నంతసేపూ ఊపిరి బిగపట్టి కూర్చునేవారు, నా లెక్క తప్పిపోతుందేమోనని.

ప్రశ్న: పదో తరగతి నుంచే నాకు లెక్కలంటే భయం. డోసు లెక్క, డ్రిప్ లెక్క అడిగితే ఫార్ములా గుర్తున్నా చేతులు వణుకుతాయి. తప్పు చేసి ఎవరి ప్రాణమైనా తీస్తానేమోనని రాత్రిళ్లు ఆలోచిస్తున్నాను. (రెండో సంవత్సరం విద్యార్థి)

నీకు భయం ఉందంటే నాకు ధైర్యంగా ఉంది బాబూ. లెక్క కూడా అనుకోకుండా గబగబా మందుని సిరంజిలోకి లోడ్ చేసేవాళ్లని చూస్తేనే నాకు గుండె దడ.

ఫార్ములా ఒక్కటే: కావలసిన మందుని చేతిలో ఉన్న మందుతో భాగించి, అది ఎన్ని మిల్లీలీటర్లలో ఉందో దాంతో హెచ్చవేయడం. కానీ ఫార్ములా కంటే ముందు ఒక అంచనా వెయ్యమంటాను. జెంటామైసిన్ 60 మి.గ్రా. ఇవ్వాలి. ఆంప్యూల్, అంటే మందున్న చిన్న గాజు సీసా మీద 2 మి.లీ.లో 80 మి.గ్రా. అని ఉంది. లెక్క మొదలుపెట్టక ముందే నిన్ను నువ్వు అడుగు, ఒక ఆంప్యూల్ కంటే తక్కువ పడుతుందా, ఎక్కువ పడుతుందా? తక్కువే. సగం కంటే? ఎక్కువ. అంటే జవాబు 1కీ 2కీ మధ్య ఉండాలి. ఇప్పుడు లెక్క చెయ్యి: 60ని 80తో భాగించి రెండుతో హెచ్చవేస్తే 1.5 మి.లీ. అంచనాలో పడింది. కాలిక్యులేటర్ 15 చూపించినా, 0.15 చూపించినా, ఈ అంచనా వేసుకున్నవాడి చెయ్యి ఆగిపోతుంది. వెయ్యనివాడు ఏది వస్తే అది లోడ్ చేస్తాడు. ఒక డోసుకి మూడు నాలుగు ఆంప్యూళ్లు పగలగొట్టాల్సి వస్తోందంటే, ఎక్కడో తప్పు జరిగి ఉండొచ్చని అక్కడే ఆగి మళ్లీ మొదటి నుంచి చూసుకో.

పిల్లల వార్డులో ఇంకో చిక్కు ఉంది. ఒకే మందు, మూడు సీసాలు. 12 కిలోల పాపకి జ్వరం. పారాసిటమాల్ కిలోకి 15 మి.గ్రా. చొప్పున 180 మి.గ్రా. రాశారనుకో. ట్రాలీలో ఉన్న సిరప్ 5 మి.లీ.కి 120 మి.గ్రా. అయితే 7.5 మి.లీ. పొయ్యాలి. 5 మి.లీ.కి 250 మి.గ్రా. సిరప్ అయితే 3.6 మి.లీ. చుక్కల సీసా, అంటే ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉండేదైతే 1.8 మి.లీ. చాలు. ఇప్పుడు ఊహించు. ఎవరో ఓవర్ ఇస్తూ, అంటే డ్యూటీ అప్పగిస్తూ, 'పాపకి ఏడున్నర మి.లీ. ఇవ్వు' అని నోటిమాటగా చెప్పి వెళ్లారు. నీ చేతికి చుక్కల సీసా దొరికింది. 750 మి.గ్రా. పాప కడుపులోకి వెళ్లిపోతుంది, నాలుగు రెట్లకు పైన. అందుకే ఎవరు ఎన్ని మిల్లీలీటర్లు అని చెప్పినా, 'ఎన్ని మిల్లీగ్రాములు?' అని తిరిగి అడగడం అలవాటు చేసుకో. మి.లీ. సీసాని బట్టి మారుతుంది, మి.గ్రా. మారదు.

సున్నా దగ్గర జాగ్రత్త. అర మిల్లీగ్రాము రాసేటప్పుడు చుక్క ముందు సున్నా తప్పనిసరిగా పెట్టు, 0.5 అని. వట్టి చుక్కపెట్టి 5 రాస్తే ఆ చుక్క మసకబడ్డ కార్బన్ కాపీలో కనిపించదు, అర కాస్తా అయిదవుతుంది. అదే ఒక మిల్లీగ్రాముకి 1.0 అని రాయకు. చుక్క కనబడకపోతే పది. ఇన్సులిన్ 10 యూనిట్లకి ఇంగ్లిష్ యూ అక్షరం ఒక్కటే పొట్టిగా గిలికితే అది సున్నాలా కనబడి వంద అవుతుంది. యూనిట్ అని పూర్తిగా రాయి. ఆ నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు రాయడానికి అయిదు సెకన్లు కూడా పట్టదు.

డ్రిప్ లెక్క గురించి కూడా అడిగావు. అది తేలికే. మొత్తం మి.లీ.ని సెట్ మీద ఉన్న చుక్కల సంఖ్యతో హెచ్చవేసి నిమిషాలతో భాగించడమే. 500 మి.లీ. నాలుగు గంటల్లో, మి.లీ.కి 20 చుక్కల సెట్ అయితే నిమిషానికి దాదాపు 42. సెట్ కవర్ మీద 15 అని ఉంటే 31. కవర్ పారేసే ముందు ఆ అంకె చూడాలి, చాలామంది చూడరు.

నీ లెక్క వచ్చాక పక్కవాళ్లకి చూపించేటప్పుడు 'ఇది 1.5 కదా?' అని అడగకు. అలా అడిగితే వాళ్ల తల దానంతటదే ఊగుతుంది. ఆర్డరూ ఆంప్యూలూ మాత్రమే చూపించి 'మీ లెక్కలో ఎంత వస్తుంది?' అను. రెండు జవాబులు కలిసిన తర్వాతే సిరంజి పట్టుకో.

ప్రశ్న: సీనియర్ స్టాఫ్ ఒకరు లోడ్ చేసిన సిరంజి నా చేతిలో పెట్టి, 'ఆరో బెడ్‌కి ఇచ్చేసి రా' అన్నారు. అందులో ఏముందో నాకు తెలీదు. కాదంటే పొగరు అంటారు. ఏం చెయ్యాలి? (మూడో సంవత్సరం విద్యార్థిని)

ఇవ్వకూడదు. ఇందులో రెండో మాట లేదు.

సిరంజిలో ఉన్నది నీళ్లలా తెల్లగా ఉంటుంది. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడూ అలాగే ఉంటుంది, గుండెని ఆపేయగల పొటాషియం క్లోరైడూ అలాగే ఉంటుంది. లోడ్ చేసినవాళ్లకి తప్ప ఇంకెవరికీ తెలియదు. వాళ్లకి కూడా ఆ సిరంజి చెయ్యి దాటి, ట్రేలో ఇంకో దాని పక్కన పడుకున్నాక గ్యారంటీ లేదు. నువ్వు లోడ్ చెయ్యని మందు నువ్వు ఇవ్వకు. నువ్వు లోడ్ చేసింది వేరేవాళ్లకి ఇవ్వమని అప్పగించకు. ఒక్క నిమిషమైనా ట్రేలో పెట్టాల్సి వస్తే పేరు, డోసు, టైము రాసిన లేబుల్ లేకుండా పెట్టకు.

ఇక పొగరు మాట. ఎలా చెప్పాలో చెబుతాను, అద్దం ముందు నిలబడి రెండుసార్లు అనుకుని వెళ్లు. 'సిస్టర్, నేను ఇంకా నేర్చుకుంటున్నాను. ఆంప్యూల్ చూపిస్తే మీ ముందే లోడ్ చేసి, మీరు పక్కనుండగా ఇస్తాను.' ఇందులో ఆవిడని తప్పుపట్టింది లేదు, నువ్వు వెనక్కి తగ్గింది లేదు. పని ఒత్తిడిలో ఆవిడ విసుక్కోవచ్చు. ఆ విసుగు సాయంత్రానికి పోతుంది. అప్పటికీ బలవంతం చేస్తే 'మా ట్యూటర్ మేడమ్ లేకుండా ఇవ్వొద్దన్నారు' అని మా మీద పెట్టెయ్యండి. మా పేరు ఇలాంటప్పుడు వాడుకోవడానికే ఉంది.

ఇంకోటి. ఆరో బెడ్ అనేది మనిషి పేరు కాదు. దీని గురించి కింద ఇంకో ఉత్తరంలో చెబుతాను.

ప్రశ్న: పొటాషియం క్లోరైడ్‌ని నేరుగా నరంలోకి ఎందుకు ఇవ్వకూడదు? పలచన చేస్తే సరిపోతుందా?

నేరుగా ఇస్తే గుండె ఆగిపోతుంది. 10 మి.లీ. ఆంప్యూల్‌లో సాధారణంగా 20 మిల్లీఈక్వివలెంట్లు (పొటాషియాన్ని కొలిచే ప్రమాణం) ఉంటాయి. అది ఒక్కసారిగా గుండెని చేరితే ఆ తర్వాత చెయ్యగలిగింది చాలా తక్కువ. పలచన చెయ్యాలి, సరే. కానీ వేలాడుతున్న సెలైన్ సీసాలోకి సూదితో ఎక్కించి వదిలేస్తే బరువుగా ఉన్న మందు అడుగుకి దిగి కూర్చుంటుంది, మొదటి కొన్ని నిమిషాల్లో చిక్కటి మందే నరంలోకి పోతుంది. సీసాని దింపి, మందు కలిపి, తలకిందులుగా పదిసార్లు తిప్పి అప్పుడు వేలాడదీయాలి. మామూలు చేతి నరంలో అయితే గంటకి 10 మిల్లీఈక్వివలెంట్లు దాటకుండా నడిపిస్తారు. మూత్రం సరిగ్గా వస్తోందా అని కూడా చూడాలి. ఈ ఆంప్యూళ్లు మామూలు మందుల పక్కన ఉండకూడదు, వేరుగా తాళం వేసి ఉంచాలి. మీ వార్డులో సెలైన్ ఆంప్యూళ్ల పక్కనే కనిపిస్తే ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పు.

ప్రశ్న: ఇది ఎవరికీ చెప్పలేదు. నెల క్రితం మధ్యాహ్నం డ్యూటీలో ఒక పేషెంట్‌కి యాంటీబయాటిక్ ఇచ్చాను. చార్టులో సంతకం లేదు కాబట్టి ఇవ్వలేదనుకున్నాను. తర్వాత తెలిసింది, ఉదయం స్టాఫ్ ఇచ్చేశారు, సంతకం మర్చిపోయారు. రెండు డోసులు పడ్డాయి. ఆయనకి ఏమీ కాలేదు, డిశ్చార్జ్ అయి వెళ్లిపోయారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. (ఒక విద్యార్థిని)

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను తల్లీ. జవాబుకి ముందు నా సంగతి చెప్పాలి.

నేను రెండో సంవత్సరంలో ఉన్నాను. మెడికల్ వార్డు, పొద్దున్న మందుల ట్రాలీ. తొమ్మిదో బెడ్ ఆయనకి షుగర్ మాత్ర, గ్లిబెన్‌క్లమైడ్ 5 మి.గ్రా. ట్రాలీ తోసుకుంటూ వెళ్లాను. 'మీరు ఫలానా గారేనా?' అన్నాను. ఆయన తలూపారు. మాత్ర ఇచ్చాను, నీళ్లిచ్చాను, ముందుకి కదిలాను.

ఆ రాత్రి కిటికీలోంచి చలిగాలి కొడుతోందని ఇద్దరు పేషెంట్లు బెడ్లు మార్చుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. నా ముందు తలూపినాయన తొమ్మిదో బెడ్ ఆయన కాదు, పదకొండో బెడ్ ఆయన. ఆయనకి షుగర్ లేదు. సరిగ్గా వినపడదు. నర్సమ్మ ఏదో అడిగింది కదా అని మర్యాదకి తలూపారు.

గంటన్నర తర్వాత అటుగా వెళ్తే ఆయన దిండు తడిసిపోయి ఉంది. నీళ్లేమైనా ఒలికాయేమో అనుకున్నాను. నుదురు ముట్టుకుంటే చల్లగా, జిగటగా. పిలిస్తే ఏదేదో మాట్లాడుతున్నారు. అప్పుడు చూశాను బెడ్ నంబరు, ఆయన ముఖం. కాళ్లలో బలం పోయింది. ఇన్‌ఛార్జి సిస్టర్ దగ్గరికి పరుగెత్తి, 'సిస్టర్, తొమ్మిదో బెడ్ మాత్ర వేరేవాళ్లకి ఇచ్చాను' అన్నాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. మొదట అడిగింది, 'ఎవరికి? ఎన్నింటికి?' రెండోది, 'మరి తొమ్మిదో బెడ్ ఆయనకి ఏమిచ్చావు?' అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. తప్పు ఒకరికి జరిగితే, ఒప్పు అందాల్సినవాళ్లు ఇంకొకరు మిగిలిపోతారని.

షుగర్ 48 ఉంది. డ్యూటీ డాక్టర్ వచ్చి గ్లూకోజు ఎక్కించారు, పావుగంటలో ఆయన తేరుకున్నారు. కథ అక్కడితో అయిపోలేదు. ఆ మాత్ర పనిచేసే కాలం ఎక్కువ, గ్లూకోజు ప్రభావం తగ్గగానే షుగర్ మళ్లీ పడిపోతుంది. మర్నాడు పొద్దున్నదాకా గంట గంటకీ చూడాల్సి వచ్చింది. నేను నోరు మూసుకుని ఉంటే 'ఏదో నీరసం' అని ఒక్కసారి గ్లూకోజు పెట్టి వదిలేసేవాళ్లు, రాత్రి రెండు గంటలకి ఆయన మళ్లీ చల్లబడేవారు. ఆయన బతికింది గ్లూకోజు వల్ల మాత్రమే కాదు, ఏ మాత్ర పడిందో డాక్టర్‌కి తెలియడం వల్ల.

ఆ రోజు నుంచి నేను ఎవర్నీ 'మీరు ఫలానానా?' అని అడగలేదు. 'మీ పేరు చెప్పండి' అంటాను. వాళ్ల నోటితో పేరు రావాలి, చేతి బ్యాండ్ మీద పేరు, ఆస్పత్రి నంబరు చార్టుతో కలవాలి. బెడ్ నంబరుని గుర్తుగా ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు నీ సంగతి. పేషెంట్‌కి ఏమీ కాలేదు, అది అదృష్టం. యాంటీబయాటిక్ కాకుండా అది ఇన్సులిన్ అయితే? నువ్వు దాచుకున్నది నీ తప్పు ఒక్కటే కాదు. ఆ వార్డులో మందిచ్చి సంతకం మర్చిపోతున్నారన్న విషయం కూడా నీతో పాటు మౌనంగా ఉండిపోయింది. అది రేపు ఇంకో పిల్ల మీద పడుతుంది. రేపే మీ క్లినికల్ ట్యూటర్‌తో విడిగా మాట్లాడు. రోజు, టైము, ఏ మందు, ఏం చూసి ఇవ్వలేదనుకున్నావో ఉన్నదున్నట్టు చెప్పు. 'సంతకం లేదు' అన్న మాటతో పాటు 'నేను ఎవర్నీ అడగలేదు' అన్నది కూడా చెప్పు. సంతకం లేని చోట ఇవ్వలేదని అనుకోవడం పొరపాటు. ఉదయం డ్యూటీవాళ్లని అడగాలి, వాళ్లు వెళ్లిపోతే ఫోన్ చెయ్యాలి, పేషెంట్‌ని కూడా అడగాలి.

ట్యూటర్ కోప్పడతారా? పడవచ్చు. ఇప్పుడు చాలాచోట్ల ఇలాంటి సంఘటనలు రాసి ఇవ్వడానికి ఫారం ఉంది, శిక్ష వెయ్యడానికి కాదు, ఎక్కడ గండి పడిందో చూసుకోవడానికి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల పొరపాట్ల వల్ల జరిగే తీవ్రమైన హానిని అయిదేళ్లలో సగానికి తగ్గించాలని దేశాలన్నిటినీ కోరింది. ఎవరూ నోరు విప్పకపోతే ఏది తగ్గించాలో కూడా తెలియదు కదా.

మిగతా పిల్లలూ వినండి. తప్పు జరిగిందని తెలిసిన క్షణాన మొదట పేషెంట్ దగ్గరికే వెళ్లాలి. స్పృహ, శ్వాస, నాడి, బీపీ, అవసరమైతే షుగర్ చూడాలి. పక్కవాళ్లని పంపి డాక్టర్‌ని పిలిపించాలి. ఖాళీ ఆంప్యూల్ పారేయకుండా ఉంచాలి. ఏం జరిగిందో కేస్ షీట్‌లో సూటిగా, ఎవర్నీ నిందించకుండా రాయాలి. ఏడవడానికి తర్వాత టైముంటుంది. నేను ఆ రోజు డ్యూటీ దిగాక స్టోర్ రూమ్‌లో చాలాసేపు ఏడ్చాను.

ప్రశ్న: ట్రాలీ త్వరగా అవుతుందని అందరి మందులకీ ముందే సంతకాలు పెట్టేస్తున్నారు. తప్పా?

తప్పే. పై ఉత్తరంలో సంతకం లేక రెండు డోసులు పడ్డాయి. నువ్వు చెప్పినదానిలో సంతకం ఉండి ఒక్క డోసూ పడకపోవచ్చు. పేషెంట్ స్కానింగ్‌కి వెళ్లి ఉంటాడు, వాంతి చేసుకుంటాడు, వద్దంటాడు. మాత్ర మింగడం కళ్లారా చూశాకే పెన్ను తియ్యాలి. పేషెంట్ లేడని మాత్ర లాకర్ మీద పెట్టి రావడం కూడా ఇలాంటిదే.

ప్రశ్న: ఇన్సులిన్ సిరంజిల్లో ఎర్ర మూత, నారింజ మూత అంటారు. ఏది దొరికితే అది వాడితే ఏమవుతుంది?

ప్రాణం మీదికి వస్తుంది. ఎర్ర మూతది మి.లీ.కి 40 యూనిట్ల ఇన్సులిన్ కోసం, నారింజ మూతది మి.లీ.కి 100 యూనిట్ల దాని కోసం. 100 యూనిట్ల వయల్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే వచ్చేది 20 కాదు, 50 యూనిట్లు. అటుది ఇటు చేసి, 40 వయల్‌లోంచి నారింజ సిరంజితో 20 దాకా తీస్తే 8 యూనిట్లే. మూత రంగు గుర్తుండకపోతే పర్వాలేదు, వయల్ మీద అంకె, సిరంజి మీద అంకె పక్కపక్కన పెట్టి చదువు. రెండూ ఒకటే కావాలి. సరైన సిరంజి లేకపోతే తెప్పించేదాకా ఆగు. మామూలు సిరంజితో సరిపెట్టకు.

ప్రశ్న: ఒకేలా కనిపించే వయల్స్, ఒకేలా వినిపించే పేర్లు. నైట్ డ్యూటీలో ఎలా జాగ్రత్తపడాలి?

2007లో హాలీవుడ్ నటుడు డెన్నిస్ క్వేడ్ కవల పిల్లలు, పుట్టి రెండు వారాలు కూడా కాలేదు, ఆస్పత్రిలో ఉన్నారు. నరంలో పెట్టిన సన్న గొట్టం, కాన్యులా, రక్తం గడ్డకట్టి మూసుకుపోకుండా మి.లీ.కి 10 యూనిట్ల హెపారిన్ వెయ్యాలి. వేసింది మి.లీ.కి 10,000 యూనిట్లది. వెయ్యి రెట్లు. రెండు వయల్స్ లేబుళ్లూ నీలం ఛాయలోనే ఉన్నాయి. అదృష్టం కొద్దీ పిల్లలు బతికారు. అంత పెద్ద ఆస్పత్రిలో, అంతమంది చేతులు మారి జరిగింది ఇది. ఎవరో ఒకరు బద్ధకించారని కాదు. కంటికి అలవాటైన రంగు కనబడగానే మెదడు చదవడం మానేస్తుంది.

అందుకే లేబుల్ మూడుసార్లు చదవమనేది: అల్మరాలోంచి తీసేటప్పుడు, లోడ్ చేసేటప్పుడు, పేషెంట్ పక్కన నిలబడి ఇచ్చే ముందు. కళ్లతో కాదు, పెదాలు కదిపి చదువు. డోపమిన్, డొబుటమిన్ లాంటి జంటలైతే పైకి చదువు. నేను నైట్ డ్యూటీలో మంద్రంగా పైకే చదువుకునేదాన్ని, పక్కన ఆయాలు 'సిస్టర్ మంత్రం చదువుతోంది' అనేవాళ్లు. లోడ్ చేసేటప్పుడు ఎవరు పిలిచినా 'ఒక్క నిమిషం' అను. మధ్యలో వెళ్లాల్సి వస్తే ఆ సిరంజి పారేసి కొత్తగా మొదలుపెట్టు.

డాక్టర్ ఫోన్‌లో ఆర్డర్ చెబితే రాసుకుని తిరిగి చదివి వినిపించు. పదిహేను అన్నది యాభైలా వినబడుతుంది. 'ఒకటి అయిదు, పదిహేనా డాక్టర్?' అని అంకెలు విడదీసి అడుగు.

ప్రశ్న: ముక్కు గొట్టం ఉన్నవాళ్లకి మాత్రలన్నీ నూరి వెయ్యొచ్చా?

అన్నీ కాదు. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఎల్ లాంటి అక్షరాలుంటే అది రోజంతా కొద్దికొద్దిగా విడుదలయ్యేలా చేసిన మాత్ర. నూరితే రోజు డోసంతా ఒక్కసారి దిగుతుంది. నిఫెడిపిన్ అలా నూరితే బీపీ ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. కడుపులో యాసిడ్‌కి కరగకుండా పైన పూత వేసిన మాత్రలూ నూరకూడదు. డాక్టర్‌ని, ఫార్మసిస్ట్‌ని అడిగితే ద్రవరూపంలో ఉందేమో చెబుతారు. నూరదగ్గవైనా ఒక్కొక్కటిగా నూరి, విడివిడిగా వేసి, ముందూ వెనకా నీళ్లతో గొట్టం కడగాలి. అన్నీ ఒకే గిన్నెలో కలిపి వేస్తే గొట్టం మూసుకుపోయాక దాన్ని తియ్యడం, కొత్తది వెయ్యడం, ఆ బాధ ఆ మనిషిది.

ప్రశ్న: పేషెంట్ 'ఈ మాత్ర నాది కాదు' అంటే ఏం చెయ్యాలి? చార్టు ప్రకారమే తీసుకెళ్లాను. ఎక్కువమంది కంపెనీ మారి రంగు మారిందని చెప్పి వేయించేస్తున్నారు. (ఆఖరి సంవత్సరం విద్యార్థి)

మాత్ర వెనక్కి తీసుకో. నిజంగానే కంపెనీ మారి ఉండొచ్చు, చాలాసార్లు అదే. అయినా తీసుకో. వెళ్లి స్ట్రిప్ చూడు, డాక్టర్ రాసిన ఆర్డర్ చూడు, చార్టులోకి ఎక్కించింది చూడు. అన్నీ కలిస్తే తిరిగొచ్చి, స్ట్రిప్ ఆయనకి చూపించి, 'మందు అదే, తయారీ మారింది' అని చెప్పి ఇవ్వు.

ఒక ముసలమ్మ ఉండేది, రక్తం పలచబడడానికి వార్ఫరిన్ వాడేది. నేను మాత్ర తీస్తే అరచేతిలో పెట్టుకుని వేలితో అటూ ఇటూ తిప్పి చూసి, 'నాది ఇలా ఉండదు తల్లీ' అంది. నాకు ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు. ట్రాలీ అక్కడే వదిలి, మాత్ర తీసుకుని నర్సింగ్ స్టేషన్‌కి వచ్చాను. ఆర్డర్‌లో 1 మి.గ్రా. ఉంది. చార్టులోకి ఎక్కించేటప్పుడు ఎవరో 5 అని రాశారు. స్ట్రిప్ చార్టు ప్రకారమే వచ్చింది, నేను చార్టు ప్రకారమే తీశాను. డాక్టర్‌కి ఫోన్ చేసి, చార్టు సరిచేయించి, సరైన మాత్ర తెప్పించేసరికి ఇరవై నిమిషాలైంది. తీసుకెళ్లి ఇస్తే ఆవిడ మళ్లీ అరచేతిలో పెట్టుకుని, తిప్పి చూసుకుని, అప్పుడు వేసుకుంది.